కౌంటు చూసి బరువు పెట్టేవాడే మాస్టరు

స్పిన్నింగులో పనిచేసినవాళ్ళకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. 40 కౌంటు నడిచే ఫ్రేముకు వేసే ట్రావెలర్ వేరు, 80 కౌంటుకు వేసే ట్రావెలర్ వేరు. సన్న నూలుకు బరువు ట్రావెలర్ వేస్తే పోగులు టపటపా తెగుతాయి. ముతక నూలుకు మరీ తేలికది వేస్తే పోగు ఉబ్బిపోయి పక్క పోగును కొడుతుంది. కౌంటు మార్చి, ట్రావెలర్ మార్చకుండా ఫ్రేము నడిపే ఫిట్టరును నా సర్వీసులో ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఇంత తెలిసిన నేను నా ఒంటి దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క మర్చిపోయా. అరవై మూడేళ్ళ ఒంటి మీద ఇరవై రెండేళ్ళ కుర్రాడికి పెట్టే బరువు పెట్టించుకున్నా. పెట్టినవాడు నా కౌంటు అడగలేదు. నేనూ చెప్పలేదు. మూడు వారాలు మంచం దిగలేదు.

మన రాజపాళయంలో ఇప్పుడు జిమ్ములకు కొదవ లేదు. మిల్లు పిల్లలు షిఫ్టు దిగి అటే పోతున్నారు. షుగరు, బీపీ వచ్చిన మా వయసు వాళ్ళను కూడా డాక్టర్లు వ్యాయామం చేయమంటున్నారు. పర్సనల్ ట్రైనర్ అని, మనకోసమే గంటసేపు పక్కన నిలబడి చేయించే మాస్టర్లు కూడా వచ్చారు. ఇది సినిమా వాళ్ళకే అనుకున్నాం, ఇప్పుడు మన వీధుల్లోకి వచ్చింది. వచ్చినప్పుడు మంచివాణ్ణి ఎట్లా ఏరుకోవాలో మనకు తెలియాలి గదా. దెబ్బ తిని నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నా.

మిల్లు పని చేసిన ఒంటికి మళ్ళీ వ్యాయామమా?

మొదట నేనూ ఇదే అడిగా. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు రాజపాళయం మిల్లు పెట్టిన నాటి నుంచి ఈ ఊళ్ళో తరతరాలు ఒళ్ళు వంచి బతికినవాళ్ళే. సైడు చూసేవాడు ఎనిమిది గంటలు ఫ్రేముల మధ్య నడుస్తూనే ఉంటాడు. అంతకంటే వ్యాయామం ఏముంటుంది అని.

కానీ పని వేరు, వ్యాయామం వేరు. పనిలో ఒళ్ళు ఒకే రకంగా కదులుతుంది. పోగు అతికే చెయ్యి అతుకుతూనే ఉంటుంది, వంగే నడుము వంగుతూనే ఉంటుంది. మిగతా కండలకు ఏళ్ళ తరబడి పనే ఉండదు. ఒకే చోట ఒరుసుకుని భాగం అరిగినట్టు, మనమూ కొన్ని చోట్ల అరుగుతాం, కొన్ని చోట్ల తుప్పు పడతాం. రిటైరయ్యాక ఆ నడక కూడా ఆగిపోతుంది. కూర్చున్న చోటు నుంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చేట్టు నడవడమో, అలాంటి పనో చేయాలి. దానికి తోడు వారానికి రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. 65 దాటినవాళ్ళు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు వారానికి మూడు రోజులు చేయాలి. నడక మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. తమిళనాడు ప్రభుత్వం 2023 నవంబరులో అన్ని జిల్లాల్లో ఎనిమిది కిలోమీటర్ల నడక దారులు కూడా మొదలుపెట్టింది. కండలకు బలం, ఒంటికి నిలకడ అన్న రెండింటి దగ్గరే నేర్పే మనిషి కావాలి.

నాకు జరిగింది

రిటైరయిన కొన్నేళ్ళకు షుగరు బయటపడింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, "రోజూ నడవండి. వారానికి రెండు రోజులు బలానికి వ్యాయామం చేయండి. తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుని చేయండి" అన్నది. నా కొడుకు, "నాయనా, జిమ్ములో చేరు. మాస్టరు పక్కనే ఉండి చేయిస్తాడు" అని ఒక చోటికి తీసుకెళ్ళాడు.

చుట్టూ అద్దాలు. చెవులు పగిలేట్టు పాటలు. మాస్టరు చేతులు నా తొడలంత ఉన్నాయి. "మూడు నెలలకు ఒకేసారి కట్టేస్తే తగ్గిస్తాం తాతా" అన్నాడు. 4,500 రూపాయలు కట్టా. రసీదు అడగలేదు. ఆ చేతులు చూసి, ఈయనకు తెలియనిది ఉంటుందా అనుకున్నా.

మొదటి రోజే భుజాల మీద ఇనుప కడ్డీ పెట్టి గుంజిళ్ళు తీయించాడు. పక్కనున్న కుర్రాళ్ళకూ అదే, నాకూ అదే. మూడో రోజు కడ్డీకి ఇంకో రెండు బిళ్ళలు ఎక్కించాడు. నడుము పట్టినట్టుంది బాబూ అంటే, "నొప్పి వస్తేనే కండ పెరుగుతుంది తాతా, ఆపొద్దు" అన్నాడు. కుర్రాళ్ళ ముందు నామోషీ అనిపించి నేనూ ఆపలేదు. ఐదో రోజు కిందికి దిగినవాణ్ణి పైకి లేవలేకపోయా. ఇద్దరు పిల్లలు పట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చారు. డబ్బు తిరిగి రాలేదు.

తప్పు అతనిదే అని చాలా రోజులు తిట్టుకున్నా. తర్వాత ఆలోచిస్తే సగం నాది కూడా. నాకు షుగరు ఉందని చెప్పలేదు. బ్లోరూములో ఉన్నప్పుడు ల్యాపు ఎత్తబోయి ఒకసారి నడుము పట్టి నెల రోజులు సెలవు పెట్టానని చెప్పలేదు. అతను అడగలేదు కాబట్టి చెప్పలేదు. అడగాలని అతనికి నేర్పినవాళ్ళు లేరు.

అడిగే మనిషిని అప్పుడు చూశా

మంచం దిగాక జిమ్ము మాటంటే భయం పట్టుకుంది. అట్లా ఆరు నెలలు గడిచాయి. మా పక్క వీధిలో ఒకాయనకు పక్షవాతం వచ్చింది. 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మీకు తెలిసే ఉంటుంది. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు, కావాల్సినవాళ్ళకు ఫిజియోథెరపీ కూడా ఇంటికే వచ్చి చేస్తారు. అట్లా ఒక అమ్మాయి ఆయన కోసం వచ్చేది. నేను పలకరించడానికి పోయి అక్కడే కూర్చున్నా.

మొదటి రోజు ఆ అమ్మాయి వ్యాయామమే చేయించలేదు. అడుగుతూ ఉంది, రాసుకుంటూ ఉంది. ఏ మాత్రలు వేసుకుంటారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మెట్లు ఎన్ని, బాత్రూము ఎంత దూరం, ఇదివరకు ఏ పని చేసేవారు అన్నీ అడిగింది. తర్వాత చెయ్యి ఎత్తమని, కాలు చాపమని, ఎంతవరకు వస్తుందో చూసింది. అంతే.

నాకు మా పాత జాబరు గుర్తొచ్చాడు. పనిలో చేరిన కొత్తలో వారం రోజులు నన్ను పోగు ముట్టుకోనివ్వలేదు. "చూడరా, ముందు చూడు" అనేవాడు. తర్వాత ఒక స్పిండిల్, ఆ తర్వాత పది, నెల పోయాక గానీ ఒక సైడు చేతికి ఇవ్వలేదు. ఆయన చేతులు సన్నగా పుల్లల్లా ఉండేవి. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నవాడు వేలు తెగ్గొట్టుకోలేదు.

ఆ అమ్మాయినే అడిగా, "అమ్మా, నాలాంటివాడికి నేర్పే మంచి మాస్టరును ఎట్లా కనిపెట్టాలి?" అని. ఆమె నవ్వి, "ముందు అడుగుతాడా, ముందు ఎత్తిస్తాడా, అది చూడండి తాతా" అన్నది. ఇంత రాసినా నేను చెప్పేది ఆ ఒక్క మాటే.

బలం వేరు, నేర్పడం వేరు

కండలు చూసి మాస్టరని నమ్మడం నా ఒక్కడి తప్పు కాదు, లోకమంతా చేస్తుంది. మన తెలుగువాళ్ళలో బలానికి పేరు చెప్పమంటే పెద్దవాళ్ళు కోడి రామమూర్తి నాయుడు పేరు చెప్తారు. ఉత్తరాంధ్రలో వీరఘట్టంలో పుట్టాడు. ఏనుగును గుండెల మీదికి ఎక్కించుకున్నాడు, ఇనుప గొలుసులు తెంచాడు, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నాడు. ఆయన విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పే మాస్టరుగా కూడా పనిచేశాడు. ఆ ఉద్యోగానికి ముందు మద్రాసు సైదాపేట పోయి ఒక ఏడాది వ్యాయామ శిక్షణలో చదువుకుని వచ్చాడు. అంత బలమున్న మనిషి, నేర్పడానికి మళ్ళీ చదువుకున్నాడు. మన జిమ్ములో నాలుగేళ్ళు బరువులెత్తిన కుర్రాడు ఏ చదువూ లేకుండా మాస్టరైపోతే ఎట్లా?

అదే మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ అనే ఆయన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. నందనంలో ఇప్పటికీ నడుస్తోంది. మనకు దగ్గర్లో కారైకుడిలో అళగప్ప విశ్వవిద్యాలయం వాళ్ళ వ్యాయామ విద్యా కళాశాల ఉంది. ఆటల కోచ్‌లకు పటియాలాలో 1961 నుంచి జాతీయ క్రీడా సంస్థ ఉంది. ఫిట్‌నెస్ ట్రైనర్ పనికి నైపుణ్య శిక్షణ కింద పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే మండలి కూడా ఉంది. చదువుకునే దారులు ఉన్నాయి. కానీ డాక్టరుకు ఉన్నట్టు జిమ్ము మాస్టరుకు తప్పనిసరి లైసెన్సు లేదు. బోర్డు పెట్టుకున్నవాడల్లా మాస్టరే. అందుకే చూసుకోవాల్సిన బాధ్యత మన మీద పడింది.

ఏడు ప్రశ్నలు

కెనడాలో తయారైన ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ప్రపంచమంతా వాడుతున్నారు. వ్యాయామం మొదలుపెట్టే ముందు మనిషిని అడగాల్సినవి. తెలుగులో నాకు అర్థమైనట్టు రాస్తున్నా, కత్తిరించి దాచుకోండి.

1. గుండె జబ్బు ఉందని, డాక్టరు చెప్పినంత వరకే వ్యాయామం చేయాలని ఎప్పుడైనా మీతో అన్నారా?
2. ఒంటికి శ్రమ పెట్టినప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా?
3. ఈ నెల రోజుల్లో ఊరికే ఉన్నప్పుడు కూడా ఛాతీలో నొప్పి వచ్చిందా?
4. తల తిరిగి తూలిపోవడం గానీ, స్పృహ తప్పడం గానీ జరిగిందా?
5. వ్యాయామంతో ఎక్కువయ్యే ఎముకల నొప్పి, కీళ్ళ నొప్పి, నడుము నొప్పి ఉందా?
6. బీపీకి గానీ, గుండెకు గానీ మాత్రలు వాడుతున్నారా?
7. వ్యాయామం చేయకూడదనడానికి ఇంకేదైనా కారణం మీకు తెలుసా?

ఒక్కదానికి అవునని చెప్పినా, ముందు డాక్టరును కలిసి రమ్మని చెప్పేవాడు మాస్టరు. "ఏం కాదులే తాతా" అనేవాడి దగ్గర నుంచి చెప్పులేసుకుని వచ్చేయండి.

డాక్టరు దగ్గరికి పోవడానికి డబ్బెక్కడిది అంటారేమో. ఐదేళ్ళు తక్కువ కాకుండా ఇ.ఎస్.ఐ.లో ఉండి, వయసొచ్చి రిటైరైనవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కట్టి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇ.ఎస్.ఐ. వైద్యం పొందొచ్చు. ఇది తెలియక చాలామంది కార్డును పెట్టెలో పడేశారు. తీసి చూడండి.

మిల్లు మనిషి అదనంగా చెప్పాల్సినవి

ఆ ఏడు ఎవరికైనా పనికొచ్చేవి. మన లెక్కలు ఇంకొన్ని ఉన్నాయి. మాస్టరు అడగకపోయినా మనమే చెప్పాలి.

దూది ధూళి. కార్డింగులో, బ్లోరూములో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో కొందరికి సెలవు మర్నాడు పనికి వెళ్ళగానే గుండె బిగిసినట్టుండేది, గుర్తుందా? దానికి బిసినోసిస్ అని పేరు. ఫ్యాక్టరీల చట్టంలోని జబ్బుల జాబితాలో కూడా దాన్ని చేర్చారు. అట్లాంటి ఊపిరితిత్తులున్నవాణ్ణి మొదటి రోజే పరుగెత్తించకూడదు. ఎక్కడ పనిచేశారో, ఎన్నేళ్ళు చేశారో చెప్పండి.

చెవులు. ఫ్రేముల హోరులో మనలో సగం మందికి వినికిడి తగ్గింది. పాటల మోతలో వెనక నుంచి అరిస్తే మనకు వినపడదు, సరేనని తలూపుతాం. మాస్టరు ఎదురుగా నిలబడి చేసి చూపించాలి. ఇది అడగడానికి సిగ్గు పడొద్దు.

షిఫ్టు. ఇప్పుడు పనిలో ఉన్న పిల్లలకు ఇది ముఖ్యం. ఫుల్ నైట్ చేసి తెల్లారి నిద్ర లేని కళ్ళతో పోయి బరువు ఎత్తితే చెయ్యి జారుతుంది. వారం వారం షిఫ్టు మారేవాడికి రోజూ ఉదయం ఆరుకే రావాలంటే కుదరదు. నీ షిఫ్టు అడిగి దాని ప్రకారం పని పంచేవాణ్ణి చూసుకో.

షుగరు మాత్రలు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకు వ్యాయామంలో షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. పరగడుపున పోవద్దు. జేబులో బెల్లం ముక్కో, చక్కెర పొట్లమో పెట్టుకోండి. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి బరువు ఎత్తకూడదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలమని చెప్పని మాస్టరు మాస్టరు కాదు.

మొదటి గంట చాలు, తెలిసిపోతుంది

డబ్బు కట్టే ముందు ఒక రోజు ఊరికే పోయి కూర్చుని చూడండి. ఆయన ఇంకొకరికి ఎట్లా నేర్పుతున్నాడో గమనించండి. ఫోను చూసుకుంటూ "ఇంకో పది" అంటున్నాడా, కళ్ళు మనిషి మీద ఉన్నాయా? వయసు మళ్ళినవాడికీ కుర్రాడికీ ఒకే పని పెడుతున్నాడా?

తర్వాత అడగండి. ఎక్కడ చదువుకున్నారు, కాగితం చూపిస్తారా? ఎవరైనా పడిపోతే మొదట ఏం చేయాలో నేర్చుకున్నారా? నా వయసువాళ్ళకు ఇంతకు ముందు నేర్పారా? నిజంగా చదువుకున్నవాడు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు, సంతోషపడతాడు. కోపం వస్తే మనకు జవాబు దొరికినట్టే.

మాస్టరు చేయకూడని పనులు కూడా తెలుసుకోండి. మాత్రలు మానేయమని చెప్పకూడదు, ఏ డాక్టరు రాసిన చీటీనీ మార్చకూడదు. నెలలో పది కిలోలు తగ్గిస్తానని మాట ఇవ్వకూడదు. నొప్పి అంటే వినకుండా ఉండకూడదు. నొప్పుల్లోనూ తేడా ఉంది. కొత్తగా చేసినప్పుడు కండలు ఒకటి రెండు రోజులు సలపడం మామూలే. కీలులో పొడిచినట్టు, నడుము నుంచి కాలిలోకి లాగినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటే అక్కడికక్కడే ఆపేయాలి. ఛాతీ నొప్పి, తల తిరగడం అయితే ఆపి ఊరుకోకూడదు, ఆసుపత్రికి పోవాలి.

డబ్బు లెక్క

ఏడాదికి ఒకేసారి కట్టొద్దు. మూడు నెలలకూ వద్దు. మొదట ఒక్క నెల. రసీదు తీసుకోండి. మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే మిగిలిన రోజులు ఏమవుతాయో ఆ రసీదు వెనకే రాయించుకోండి. నోటి మాట నమ్మి నేను పోగొట్టుకున్నా.

ఇంకో సంగతి. పర్సనల్ ట్రైనర్ జీవితాంతం అక్కర్లేదు. మనకు కావాల్సింది పద్ధతి. అది నేర్చుకునే దాకా చాలు. నేను రెండోసారి ఏం చేశానంటే, నాలాంటివాళ్ళం నలుగురం కలిసి ఒక మాస్టరును మాట్లాడుకున్నాం. వ్యాయామ విద్య చదివి, బడిలో పనిచేసే మనిషి. వారానికి మూడు రోజులు, రెండు నెలలు. తలా నెలకు 600 రూపాయలు. తర్వాత నెలకు ఒక్కసారి వచ్చి, మేము తప్పు చేస్తున్నామా అని చూసి పోతాడు. పెద్ద మిద్దె మీదే మా జిమ్ము.

ఆయన మొదటి రోజు చేయించింది వింటే నవ్వుతారు. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేవమన్నాడు. అరనిమిషంలో ఎన్నిసార్లు లేచామో రాసుకున్నాడు. నేను ఏడు. గోడకు చేతులు ఆనించి దండీలు. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం. రెండు వారాల తర్వాత లీటరు నీళ్ళ సీసాలు చేతికిచ్చాడు, అంటే కిలో బరువు. ఇనుము ముట్టుకోవడానికి నెలన్నర పట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో నోటు పుస్తకం పెట్టి, ఏ రోజు ఏం చేశామో రాయించాడు. మా నలుగురికీ నాలుగు రకాల పని. నలుగురివీ నాలుగు కౌంట్లు గదా.

మన ఆడవాళ్ళు

వైండింగులో నిలబడి నిలబడి మోకాళ్ళు పోగొట్టుకున్నది ఎక్కువగా మన ఆడవాళ్ళే. జిమ్ము మాట వచ్చేసరికి వాళ్ళను వదిలేస్తున్నాం. బరువులు ఆడవాళ్ళకు ఎందుకని నా భార్యతో నేనే అన్నా. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. మన ఇంటి ఆడవాళ్ళు 240 కిలోలు ఎత్తక్కర్లేదు. నీళ్ళ బిందె నడుము పట్టకుండా ఎత్తితే చాలు, మనవణ్ణి ఎత్తుకుని మెట్లెక్కితే చాలు. వయసు పెరిగేకొద్దీ ఆడవాళ్ళ ఎముకలు తొందరగా బలహీనపడతాయి. వాళ్ళకే ఈ వ్యాయామం ఎక్కువ అవసరం.

ఆడ మాస్టరు దొరికితే మంచిది. దొరక్కపోతే నలుగురు ఆడవాళ్ళు కలిసి, వేరే వేళలో నేర్చుకునేట్టు మాట్లాడుకోవచ్చు. ఏ మాస్టరైనా సరే, చెయ్యి వేసి సరిచేసే ముందు "పట్టుకోవచ్చా అమ్మా" అని అడగాలి. అక్కర్లేదంటే చేసి చూపించి సరిపెట్టాలి.

పొడులు, సూదులు

ఇది మా పిల్లల కోసం రాస్తున్నా. మాస్టరే పొడి డబ్బాలు అమ్ముతున్నాడంటే, అతను మన ఒంటిని చూస్తున్నాడా, జేబును చూస్తున్నాడా అని అడగండి. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలల్లో 8 గ్రాములు ఉంటాయి. పప్పు, వేరుశనగలు, సుండల్ మన ఇంట్లో ఉండేవే. 2024లో అదే సంస్థ ఇచ్చిన సలహాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని రాసింది.

సూదులు మరీ ప్రమాదం. తొందరగా కండలు వస్తాయని ఇచ్చే స్టెరాయిడ్లు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. గుండెనూ, కాలేయాన్నీ పాడుచేస్తాయి, మగతనాన్నీ దెబ్బతీస్తాయి. ఈ మాట పిల్లలకు తండ్రులు సిగ్గుపడి చెప్పరు. అందుకే రాస్తున్నా. సూది మాట ఎత్తిన మాస్టరు దగ్గరికి మళ్ళీ పోవద్దు. అప్పటికే వేసుకుని ఉంటే భయపడి దాచొద్దురా, డాక్టరు దగ్గర నిజం చెప్పు.

చివరిగా

మా తాతలు సైన్యాలతో పాటు కత్తీ డాలూ పట్టుకుని ఈ దక్షిణానికి వచ్చారని మన ఊళ్ళో చెప్పుకుంటారు. సాము గరిడీల్లో పుట్టిన వంశాలమని గొప్పలు పోతాం. ఆ గరిడీలో కూడా కొత్తవాడి చేతికి మొదటి రోజే కత్తి ఇచ్చి ఉండరు.

నా నడుము ఇప్పుడు బాగుంది. కుర్చీ లెక్క ఏడు నుంచి పదమూడుకు వచ్చింది. షుగరు పూర్తిగా పోలేదు, మాత్ర వేసుకుంటూనే ఉన్నా. పోయిన నెల ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను నేనే ఎత్తి స్టూలు మీద పెట్టా. నా భార్య చూసి, "దించు, మళ్ళీ నడుము పడుతుంది" అని కేకేసింది. మాస్టరు నేర్పినట్టు మోకాళ్ళు వంచి, ఊపిరి వదులుతూ ఎత్తా. ఏం కాలేదు. ఆమె కూడా ఈ నెల నుంచి ఇంకో ముగ్గురు వైండింగు అక్కయ్యలతో మిద్దె ఎక్కుతోంది. మొదటి రోజు దిగొచ్చి, "బరువే పెట్టలేదు, అన్నీ అడుగుతూనే ఉన్నాడు" అన్నది.

మంచిదేలే అన్నా.